సామ్రాజ్యానికి అప్పు పుట్టని రోజు

ప్రపంచ రాజకీయాల మీద ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. పెద్ద రాజ్యాలు ఎలా దిగిపోతాయి, ఆ చోటులోకి ఇంకొకరు ఎలా వస్తారు అని. కొన్నింటికి పొడుగు జవాబు అవసరమైంది, కొన్నింటికి నాలుగు ముక్కలు చాలాయి.

ప్రశ్న: 1956 సూయజ్ సంక్షోభంతో బ్రిటిష్ సామ్రాజ్యం పని అయిపోయిందని ప్రతి పుస్తకంలోనూ ఉంది. కానీ ఈజిప్టు రేవు పోర్ట్ సయీద్‌లో వాళ్ల సైన్యం గెలుస్తూనే ఉంది కదా! గెలుస్తున్నవాళ్లు ఎందుకు వెనక్కి వచ్చారు? "అమెరికా ఒత్తిడి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. ఆ ఒత్తిడి అసలు ఎలా పనిచేసింది?
*– గ్రూప్-1కు చదువుతున్న పాఠకురాలు, హనుమకొండ*

మీరు చివర అడిగిందే అసలు ప్రశ్న. దానికి జవాబు పోర్ట్ సయీద్‌లో దొరకదు, లండన్‌లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఖాతాల్లో దొరుకుతుంది.

ముందు జరిగింది క్లుప్తంగా. 1956 జులై 19న ఈజిప్టు కట్టదలచిన అస్వాన్ ఆనకట్టకు ఇస్తామన్న డబ్బు ఇవ్వబోమని అమెరికా చెప్పింది. వారం తిరగకుండానే, జులై 26న, ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువ కంపెనీని జాతీయం చేశారు. ఆ కంపెనీలో బ్రిటిష్ ప్రభుత్వానికి 44 శాతం వాటా ఉండేది. అదెలా వచ్చిందో గుర్తుపెట్టుకోండి. 1875లో ఈజిప్టు పాలకుడు ఇస్మాయిల్ అప్పుల్లో కూరుకుపోయి తన వాటా అమ్మకానికి పెడితే, బ్రిటిష్ ప్రధాని డిజ్రేలీ ప్రభుత్వం 40 లక్షల పౌండ్లకు కొనేసింది. ఏడేళ్లకే, 1882లో, బ్రిటిష్ సైన్యం ఈజిప్టులో దిగింది.

ఈజిప్షియన్లకు కాలువ నడపడం చేతకాదని లండన్, పారిస్ వాదించాయి. సెప్టెంబరు మధ్యలో, ఓడలకు దారి చూపే విదేశీ పైలట్లు చాలామంది ఒక్కసారే పని మానేసి వెళ్లిపోయారు. అయినా ఓడలు ఆగలేదు. ఉన్నకొద్దిమంది ఈజిప్షియన్, గ్రీకు పైలట్లు, కొత్తగా చేరినవాళ్లు కలిసి వాటిని బారులుగా దాటించారు. దాంతో సైన్యం దింపడానికి వేరే సాకు కావలసివచ్చింది. అక్టోబరు 24న పారిస్ దగ్గర సేవ్ర్‌లో బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ రహస్య ఒప్పందం చేసుకున్నాయి. 29న ఇజ్రాయెల్ ఈజిప్టులోని సినాయ్‌లోకి దూకింది. "ఇద్దరినీ విడదీస్తాం" అంటూ మిగతా ఇద్దరూ 31న బాంబులు మొదలుపెట్టారు. నవంబరు 5న పారాట్రూపర్లు, 6న ఓడల మీద సైన్యం దిగాయి. అదే 6 అర్ధరాత్రికి కాల్పుల విరమణ.

ఇక డబ్బు సంగతి. 1949 నుంచి ఒక పౌండు 2.80 డాలర్లు. మార్కెట్లో అది 2.78 కంటే దిగకూడదు. దిగబోతే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ తన డాలర్లు ఖర్చుపెట్టి పౌండ్లు కొనాలి. అంటే పౌండు మీద ఎవరికి అపనమ్మకం కలిగినా, ఆ అపనమ్మకాన్ని బ్యాంకు నగదు డాలర్లిచ్చి కొనుక్కోవలసిందే. పౌండు విలువ తగ్గిస్తారని అనుమానం పుడితే వ్యాపారులు రెండు పనులు చేస్తారు. డాలర్లు కట్టవలసినవాళ్లు ముందే కొని కట్టేస్తారు. డాలర్లు రావలసినవాళ్లు వాటిని బయటే ఉంచి ఆలస్యం చేస్తారు. ఎవరూ కుట్ర చేయనక్కర్లేదు. ఎవరి జాగ్రత్త వాళ్లు చూసుకుంటే చాలు, నిల్వలు కరుగుతాయి.

ఆ కరుగుదల లెక్క ఇది: సెప్టెంబరులో 5.7 కోట్ల డాలర్లు, అక్టోబరులో 8.4 కోట్లు, నవంబరులో 27.9 కోట్లు. నిల్వలు 200 కోట్ల డాలర్ల కంటే దిగితే పౌండు నిలవదని అప్పటి లండన్ అధికారుల నమ్మకం. నవంబరు చివరికి ఆ గీత దాటడం ఖాయమైంది. ఈ నిల్వల అంకెను ప్రతినెలా మొదట్లో ప్రకటించడం ఆనవాయితీ. అంటే డిసెంబరు మొదటి వారంలో లోకమంతటికీ తెలిసిపోతుంది, అప్పుడు పరుగు రెట్టింపవుతుంది. పైగా అమెరికా, కెనడాల దగ్గర యుద్ధం తర్వాత తీసుకున్న అప్పుకు వాయిదా గడువు కూడా డిసెంబరు నెలాఖరే.

దీనికి చమురు తోడైంది. ఈజిప్టు ఓడలు ముంచి కాలువను మూసేసింది. సిరియాలో పైపులైను పంపింగ్ స్టేషన్లు పేల్చేశారు. సౌదీ అరేబియా బ్రిటన్, ఫ్రాన్స్‌లకు చమురు ఆపేసింది. ఇక మిగిలింది అమెరికా ఖండాల చమురు, దానికి డాలర్లే కావాలి. అత్యవసర సరఫరాను కూడా అమెరికా బిగబట్టింది. డిసెంబరు 17న బ్రిటన్‌లో పెట్రోలు రేషన్ మొదలైంది.

ఈ స్థితిలో గట్టెక్కాలంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి నుంచి అప్పు పుట్టాలి. అమెరికా కాదంటే అక్కడ అప్పు పుట్టదు. అమెరికా ఆర్థికమంత్రి జార్జ్ హంఫ్రీ షరతు ఒక్కటే: సైన్యం వెనక్కి వస్తేనే. డిసెంబరు 3న ఉపసంహరణను పార్లమెంటులో ప్రకటించారు. 4న నిల్వల అంకె బయటపెట్టారు. 10న ద్రవ్యనిధి 130 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. అందులో 56.1 కోట్లు వెంటనే, మిగతాది అవసరమైతే తీసుకునేందుకు. 22 నాటికి చివరి దళాలు ఓడెక్కాయి. జనవరి 9న ప్రధాని ఈడెన్ రాజీనామా చేశారు.

జవాబుపత్రాల్లో రెండు పొరపాట్లు తరచూ కనిపిస్తాయి. అమెరికా తన దగ్గరున్న బ్రిటిష్ బాండ్లను మార్కెట్లో అమ్మేసిందని రాయడం మొదటిది. అంతదాకా పోనక్కర్లేకపోయింది, సాయం ఆపితే సరిపోయింది. బ్రిటన్ ఆర్థికమంత్రి మాక్మిలన్ తప్పును వదిలేయడం రెండోది. ఫ్రాన్స్ దాడికి ముందే, అక్టోబరులోనే, ద్రవ్యనిధి దగ్గర 26.25 కోట్ల డాలర్ల ఏర్పాటు చేసుకుంది. అందుకే ఆ నవంబరులో ఫ్రాంకుకు అంత ఊపిరాడని స్థితి రాలేదు. బ్రిటన్‌కు కూడా అడిగే వీలుండింది, అడగలేదు. యుద్ధానికి పోతూ ఇంట్లో గింజలు చూసుకోలేదు. ఆ మాక్మిలనే నవంబరు 6న కాబినెట్‌లో అందరికంటే ముందు ఆపేద్దామన్నారు, జనవరిలో ప్రధాని అయ్యారు.

ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభలో నవంబరు 2న 64–5 తేడాతో వచ్చిన తీర్మానాన్ని కూడా రాయండి. అయితే తీర్మానం వచ్చాక నాలుగు రోజులు యుద్ధం సాగింది. డబ్బు అందదని తెలిశాక ఒక్క రోజు కూడా సాగలేదు. మార్కులు ఆ తేడా చూపినవాళ్లకు పడాలి.

ప్రశ్న: రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ మనకే బాకీపడిందని, ఆ "స్టెర్లింగ్ నిల్వలు" వందల కోట్లని చదివాను. ఆ డబ్బు ఏమైంది? ఎగ్గొట్టారా?
*– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, విజయవాడ*

పూర్తిగా ఎగ్గొట్టలేదు. కానీ మనకు కావలసినప్పుడు, కావలసిన రూపంలో ఇవ్వలేదు. మీరు బ్యాంకులో పనిచేశారు కాబట్టి ఖాతా పద్ధతిలోనే చెప్పుకుందాం.

1939 ఒప్పందం ప్రకారం, భారత సైన్యాన్ని దేశం బయట వాడుకున్నందుకు అయ్యే అదనపు ఖర్చు బ్రిటన్‌దే. ఇక్కడ గుడ్డ, ధాన్యం, బూట్లు, గుడారాలు కొన్న సొమ్ముకు లండన్‌లో రిజర్వు బ్యాంకు ఖాతాలో పౌండ్లు జమ వేసేవారు. ఆ పౌండ్లను హామీగా చూపి రిజర్వు బ్యాంకు ఇక్కడ నోట్లు ముద్రించి అమ్మకందార్లకు ఇచ్చేది. వస్తువులు ఓడలెక్కి పోయాయి, నోట్లు ఇక్కడ మిగిలాయి. 1939లో సుమారు 180 కోట్ల రూపాయలున్న నోట్ల చలామణీ యుద్ధం ముగిసేసరికి 1,100 కోట్లు దాటింది. ధరలు మండిపోయాయి. 1943 బెంగాల్ కరువును ఈ లెక్క పక్కన పెట్టుకునే చదవాలి. ఆ జమాపద్దులో ప్రతి పౌండుకూ ఇక్కడ ఎవరో ఒక పూట తిండి తగ్గించుకున్నారు.

యుద్ధం ముగిశాక మన జమ సుమారు 130 కోట్ల పౌండ్లు. రూపాయి 1 షిల్లింగు 6 పెన్నీల లెక్కన దాదాపు 1,733 కోట్ల రూపాయలు. బ్రిటన్ మొత్తం ఇలాంటి బాకీల్లో మూడో వంతుకు పైగా మనదే. ద్రవ్యనిధికి రూపమిచ్చిన 1944 బ్రెటన్‌వుడ్స్ సమావేశంలో షణ్ముఖం చెట్టి, సి.డి. దేశ్‌ముఖ్, ఎ.డి. ష్రాఫ్ ఉన్న మన బృందం ఈ బాకీ సంగతి తేల్చాలని గట్టిగా అడిగింది. అది మీరూ మేమూ ఇద్దరమే మాట్లాడుకోవలసిన విషయమని బ్రిటన్ తరఫున వచ్చిన ఆర్థికవేత్త కీన్స్ పక్కకు పెట్టారు.

తర్వాత 1946లో బ్రిటన్ అమెరికా దగ్గర 375 కోట్ల డాలర్లు 2 శాతం వడ్డీకి తీసుకుంది. షరతు ఏమిటంటే, ఏడాదిలోగా పౌండును ఎవరు తెచ్చినా డాలర్లుగా మార్చాలి. 1947 జులై 15న ఆ కిటికీ తెరిచారు. పౌండ్లున్న దేశాలన్నీ బారులు తీరాయి. ఆగస్టు 20న మూసేశారు. మన జెండా ఎగిరిన ఆగస్టు 15 సరిగ్గా ఆ అయిదు వారాల మధ్యనే ఉంది.

మనకు ఆ కిటికీ నిజంగా తెరుచుకోలేదు. 1947 ఆగస్టు 14 ఒప్పందంలో మిగిలిన 116 కోట్ల పౌండ్లను రెండు ఖాతాలుగా విడదీశారు. ఒకటో నంబరు ఖాతాలో ఉన్నది వాడుకోవచ్చు, రెండో నంబరులోది కదపకూడదు. ఏడాది చివరిదాకా ఒకటో ఖాతాలోకి వదిలింది 6.5 కోట్ల పౌండ్లే. 1948 ఒప్పందంలో బ్రిటిష్ సైన్యం ఇక్కడ వదిలి వెళ్లిన సామగ్రికి 10 కోట్లు, ఇక్కడ పనిచేసి వెళ్లిన బ్రిటిష్ అధికారుల పింఛన్లకు 16.8 కోట్లు మన జమలోంచే మినహాయించుకున్నారు. పాకిస్తాన్ వాటా విడిగా పోయింది. 1949 సెప్టెంబరులో పౌండు 4.03 నుంచి 2.80 డాలర్లకు పడేసరికి మిగిలినదానితో కొనగలిగే అమెరికా యంత్రాలు 30 శాతం తగ్గాయి. రూపాయి విలువను కూడా మనం అంతే తగ్గించుకున్నాం కాబట్టి రూపాయల్లో చూస్తే నష్టం కనిపించదు. చాలామంది లెక్క తప్పేది అక్కడే. మిగిలిన సొమ్ము రెండో పంచవర్ష ప్రణాళిక యంత్రాల దిగుమతులకు వేగంగా ఖర్చయింది. 1958 నాటికి మనమే పాశ్చాత్య దేశాల సహాయ బృందం ముందు నిలబడ్డాం.

మరో ముక్క. అమెరికా దగ్గర చేసిన ఆ 1946 అప్పును బ్రిటన్ చివరి కిస్తీ దాకా కట్టింది. అది ముగిసింది 2006 డిసెంబరులో.

ప్రశ్న: ఒకప్పుడు దుబాయ్, కువైట్‌లలో మన రూపాయే నడిచేదని మా పెద్దవాళ్లు అంటారు. నిజమేనా? ఎందుకు పోయింది?
*– జగిత్యాల నుంచి ఒక పాఠకుడు*

నిజమే. కువైట్, బహ్రెయిన్, ఖతర్, ఇప్పటి యూఏఈ ప్రాంతం, ఒమన్ అన్నింటా రూపాయే. ఆ తీరాన్ని బ్రిటన్ చాలాకాలం బొంబాయి, ఢిల్లీల నుంచే చూసుకునేది కాబట్టి డబ్బు కూడా ఇక్కడిదే.

చిక్కు బంగారంతో వచ్చింది. బయటికంటే ఇక్కడ బంగారం ధర ఎక్కువ. గల్ఫ్ నుంచి దొంగ బంగారం పడవల్లో వచ్చేది, రూపాయి నోట్లు తిరిగి వెళ్లేవి. అక్కడి బ్యాంకులు ఆ నోట్లను రిజర్వు బ్యాంకుకు పంపి పౌండ్లు అడిగేవి. మాట ప్రకారం ఇవ్వాల్సిందే. అలా మన విదేశీ మారకం కారిపోయింది. 1959లో రిజర్వు బ్యాంకు చట్టాన్ని సవరించి గల్ఫ్‌కు వేరే నోట్లు ముద్రించారు. రూపం మన నోటులాగే ఉన్నా రంగు వేరు, నంబరు ముందు జడ్ అక్షరం ఉండేది. మీ ఇంట్లో పాత పెట్టెలో ఆకుపచ్చ రంగు వంద రూపాయల నోటు జడ్ అక్షరంతో కనబడితే అది ఇదే. శుభ్రం చేయకండి, ల్యామినేషన్ అసలే వద్దు. సేకరణకు విలువ పోతుంది.

కువైట్ 1961లో, బహ్రెయిన్ 1965లో సొంత దినార్లు తెచ్చుకున్నాయి. 1966 జూన్ 6న మన ప్రభుత్వం డాలరుకు 4.76 ఉన్న రూపాయిని 7.50 చేసింది. ఆ నోట్లు దాచుకున్న దుబాయ్ వర్తకుడి సొమ్ము రాత్రికి రాత్రి మూడో వంతుకు పైగా హరించుకుపోయింది. ఇక ఎవరు ఉంచుకుంటారు? ఖతర్, దుబాయ్ కలిసి కొత్త రియాల్ తెచ్చాయి. ఒమన్‌లో మాత్రం 1970 దాకా సాగింది.

ఆ తర్వాత బ్రిటన్ వంతు. 1967 నవంబరులో పౌండు 2.80 నుంచి 2.40కి పడింది. రెండు నెలలకు, 1968 జనవరి 16న, సూయజ్‌కు తూర్పున ఉన్న సైన్యాన్ని 1971 చివరికల్లా వెనక్కి పిలుస్తామని ప్రధాని విల్సన్ ప్రకటించారు. ఖర్చు తాము భరిస్తామని అబుదాబి షేక్ జాయెద్ వంటి పాలకులు ముందుకొచ్చినా ఆగలేదు. 1971లో వరసగా బహ్రెయిన్, ఖతర్, యూఏఈ స్వతంత్రమయ్యాయి. బహ్రెయిన్‌లో బ్రిటిష్ నౌకాదళం ఖాళీ చేసిన చోటనే అమెరికా నౌకాదళం దిగింది. రెండేళ్లకు, 1973లో, చమురు ధర పెరిగింది. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి మనవాళ్లు పోయిన గల్ఫ్ ఈ కొత్త గల్ఫే.

ప్రశ్న: భీమిలిలో డచ్చివాళ్ల సమాధులున్నాయి. అంత పెద్ద డచ్ ఈస్టిండియా కంపెనీ ఏ యుద్ధంలో పోయింది?
*– మచిలీపట్నం నుంచి ఒక ఉపాధ్యాయుడు*

బ్రిటన్‌తో 1780–84లో జరిగిన యుద్ధం పెద్ద దెబ్బే. కానీ అప్పటికే కంపెనీ లోపల డొల్ల. 1605లో మచిలీపట్నం వచ్చినవాళ్లు ఇక్కడి అద్దకం గుడ్డ కొని, ఇండోనేషియా దీవుల్లో దాన్నిచ్చి మసాలా దినుసులు తీసుకునేవారు. మన నేతగాళ్ల బట్టే వాళ్ల లవంగాలకు ధర. పద్దెనిమిదో శతాబ్దంలో గిరాకీ టీ, పత్తిబట్టలకు మళ్లితే ఇంగ్లీషువాళ్లు ముందున్నారు. డచ్ కంపెనీ మాత్రం లాభం లేని ఏళ్లలో కూడా వాటాదారులకు డివిడెండు ఇవ్వడానికి స్వల్పకాల అప్పులు తెచ్చేది. మూలధనం 64 లక్షల గిల్డర్లు దాటి కాస్త, చివరికి అప్పులు పది కోట్లు మించాయి.

అన్నింటికంటే చెడ్డపని ఆమ్‌స్టర్‌డామ్ బ్యాంకు చేసింది. 1609లో పెట్టిన ఆ బ్యాంకు నియమం ఏమిటంటే, డిపాజిట్టు ఎంతో లోహం అంత. యూరప్ వర్తకులంతా దాని ఖాతా డబ్బుకు నాణెం కంటే కొన్ని శాతాలు ఎక్కువ ఇచ్చేవారు. అదే బ్యాంకు గుట్టుగా కంపెనీకి అప్పులిచ్చింది. 1790 ప్రాంతంలో గుట్టు బయటపడగానే ఆ అదనపు విలువ సున్నా కంటే కిందికి పోయింది. కంపెనీ 1799 డిసెంబరు 31తో ముగిసింది, బ్యాంకు 1819లో మూతపడింది. భీమునిపట్నం సహా ఇక్కడి స్థావరాలను 1824 ఒప్పందంతో ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేశారు.

పిల్లలకు చెప్పేటప్పుడు ఒక సంగతి తప్పక చెప్పండి. ఆ శతాబ్దంలో డచ్ ధనికులు పెద్ద ఎత్తున బ్రిటిష్ ప్రభుత్వ బాండ్లు కొన్నారు. తమ ఓడలను పట్టుకున్న నౌకాదళానికి పెట్టుబడిలో కొంత వాళ్ల ఇళ్ల నుంచే వెళ్లింది. పైచేయి చేతులు మారబోయే ముందు పొదుపు సొమ్ము ఎటు నడుస్తోందో చూస్తే చాలా తెలుస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉద్యోగి. డాలరు కూడా పౌండులాగే పడిపోతుందని యూట్యూబులో రోజూ చెబుతున్నారు. నిజంగా ఏ గుర్తులు చూడాలి?
*– కూకట్‌పల్లి, హైదరాబాద్ నుంచి ఒక తల్లి*

పోలిక ఉంది, తేడా కూడా ఉంది. తేడాతో మొదలుపెడదాం. 1956లో పౌండు ఒక స్థిర రేటుకు కట్టి ఉంది. దాన్ని నిలబెట్టడానికి పరాయి డబ్బు కావాలి. డాలరు 1971 ఆగస్టు 15న నిక్సన్ డాలర్లకు బంగారం ఇచ్చే కిటికీ మూసిన తర్వాత, 1973 నుంచి స్వేచ్ఛగా తేలుతోంది. అమెరికా బాకీ తన సొంత డబ్బులోనే ఉంది. కాబట్టి సూయజ్ లాంటి ఒక్క నెల గండం ఇక్కడ రాదు. వస్తే వడ్డీ రూపంలో, మెల్లగా వస్తుంది.

మీరు ఈ నాలుగు చూడండి చాలు, రోజూ కాదు, మూడు నెలలకోసారి.

ఒకటి, ప్రపంచ కేంద్ర బ్యాంకుల నిల్వల్లో డాలరు వాటా. ద్రవ్యనిధి ఉచితంగా ప్రకటిస్తుంది. 2000 ప్రాంతంలో 70 శాతం పైన, 2024లో 58 దగ్గర. యూరో 20, చైనా యువాన్ 2 శాతం చుట్టూ. 1950లో పౌండు వాటా సగానికి పైన ఉండి, పదిలోపుకు రావడానికి పాతికేళ్లు పట్టింది. ఒక్క ఏడాది కదలికతో ఎవరైనా జోస్యం చెబితే నమ్మకండి.

రెండు, వడ్డీ ఖర్చు. 2024 ఆర్థిక సంవత్సరంలో అమెరికా ప్రభుత్వం నికరంగా కట్టిన వడ్డీ సుమారు 88,000 కోట్ల డాలర్లు, రక్షణ ఖర్చు సుమారు 85,000 కోట్లు. సైన్యం కంటే వడ్డీ ఎక్కువ తినడం పెద్ద మార్పు. మా దృష్టిలో నాలుగింటిలో ముఖ్యమైనది ఇదే.

మూడు, అమెరికా ప్రభుత్వ బాండ్లు ఎవరు ఉంచుకుంటున్నారు. చైనా దగ్గర 2013లో సుమారు 1.3 లక్షల కోట్ల డాలర్ల బాండ్లుండేవి, 2025 నాటికి 80,000 కోట్ల లోపుకు వచ్చాయి. 2022లో రష్యా నిల్వల్లో దాదాపు 30,000 కోట్ల డాలర్లను పాశ్చాత్య దేశాలు స్తంభింపజేశాక, కేంద్ర బ్యాంకులు మూడేళ్లు వరసగా ఏటా వెయ్యి టన్నులకు మించి బంగారం కొన్నాయి.

నాలుగు, కష్టం వచ్చిన రోజు అందరూ ఎవరి తలుపు తడుతున్నారు. 2020 మార్చిలో అమెరికా ఫెడరల్ రిజర్వు పద్నాలుగు కేంద్ర బ్యాంకులకు డాలర్ల మార్పిడి సౌకర్యం ఇచ్చింది. మనకు ఇవ్వలేదు. మన రిజర్వు బ్యాంకుకు ఉన్నది జపాన్‌తో 7,500 కోట్ల డాలర్ల ఏర్పాటు. ఈ పనిని చైనా చేయగలిగిన రోజు వస్తే అప్పుడు నిజంగా పెద్దరికం మారినట్టు.

మరి డాలరు వదిలేసి సొంత డబ్బులో వ్యాపారం చేయలేమా అంటే, ఎక్కడ తట్టుకుంటుందో మనమే చూశాం. 2022 జులై 11న రిజర్వు బ్యాంకు అనుమతించిన పద్ధతి ఇది: రష్యన్ బ్యాంకు మన బ్యాంకులో ప్రత్యేక రూపాయి వోస్ట్రో ఖాతా తెరుస్తుంది. మన దిగుమతిదారు అందులో రూపాయలు జమచేస్తాడు. మన ఎగుమతిదారుకు అందులోంచే చెల్లిస్తారు. ఇరువైపులా వ్యాపారం సమానమైతే హాయి. కానీ 2023–24లో రష్యా నుంచి మనం కొన్నది సుమారు 6,100 కోట్ల డాలర్ల సరుకు, వాళ్లకు అమ్మింది 430 కోట్లు. మిగిలిన రూపాయలతో వాళ్లు ఏం కొనాలి? మన ప్రభుత్వ బాండ్ల వంటివాటిలో పెట్టుకోవచ్చు, కానీ సరుకు రూపంలో తీసుకుపోయే దారి తక్కువ. పైన విజయవాడ పాఠకుడి ప్రశ్నలో రెండో నంబరు ఖాతా దగ్గర మనం ఎలా నిలబడ్డామో, ఇప్పుడు వాళ్లు అలాగే నిలబడ్డారు. ఫలితంగా చమురు చెల్లింపులు చాలావరకు దిర్హాముల వంటి వేరే డబ్బుల్లోకి మళ్లాయి.

మీ అబ్బాయి పొదుపు సంగతికి వస్తే, ఇక్కడ ఖర్చుపెట్టేది ఇక్కడి డబ్బులో, అక్కడ ఖర్చుపెట్టేది అక్కడి డబ్బులో ఉంచుకోవడమే మంచిది. చరిత్ర చదివి ఏ నెలలో మార్చుకోవాలో ఎవరూ చెప్పలేరు.

ప్రశ్న: బ్రిక్స్ నోటు విడుదలైందని వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. అసలుదేనా?
*– తెనాలి*

కాదు. బ్రిక్స్ అంటే బ్రెజిల్, రష్యా, భారత్, చైనా, దక్షిణాఫ్రికా మొదలైన దేశాల కూటమి. చలామణీలో ఉన్న బ్రిక్స్ కరెన్సీ ఏదీ లేదు. ఉన్నది ఆ దేశాలు పెట్టుకున్న, షాంఘై కేంద్రంగా పనిచేసే బ్యాంకు. దాని అప్పుల్లో కూడా పెద్ద భాగం డాలర్లలోనే.

ప్రశ్న: మన బంగారాన్ని లండన్ నుంచి ఎందుకు తెస్తున్నారు? అక్కడెందుకు పెట్టాం?
*– నెల్లూరు నుంచి ఒక నగల వర్తకుడు*

అక్కడ ఉంటే తాకట్టు పెట్టడం, అమ్మడం గంటల్లో పని. లండన్ ఇప్పటికీ బంగారం సంతే. అందుకే 1991 జులైలో విదేశీ చెల్లింపులకు రోజులు లెక్కపెట్టుకున్నప్పుడు, 46.91 టన్నులను బొంబాయి నుంచి విమానంలో పంపి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర సుమారు 40.5 కోట్ల డాలర్లకు కుదువపెట్టాల్సి వచ్చింది. వట్టి మాట మీద ఎవరూ ఇవ్వలేదు, సరుకు చేతికి అందాకే ఇచ్చారు. అప్పు తీరాక బంగారం మనదే అయినా భౌతికంగా తిరిగి తేలేదు.

రష్యా నిల్వలు స్తంభించాక లెక్క మారింది. పరాయి దేశపు ఖజానాలో ఉన్నది మనదేనా అన్న ప్రశ్న అందరికీ వచ్చింది. 2024 సెప్టెంబరు చివరికి రిజర్వు బ్యాంకు దగ్గర 854.73 టన్నులుంటే, దేశంలో ఉన్నది 510.46 టన్నులు. మిగతాదాంట్లో 324.01 టన్నులు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, అంతర్జాతీయ సెటిల్‌మెంట్ల బ్యాంకుల దగ్గర, 20.26 టన్నులు డిపాజిట్ల రూపంలో ఉన్నాయి.